రాజులు నాటిన సంతలు
దోర్దోన్ తీరపు కథలు – నాలుగో భాగం

గత భాగాన్ని 1229 దగ్గర ఆపాం. తులూజ్ ప్రభువు ఏడో రేమోన్ పారిస్ వెళ్లి, నోత్ర్ దామ్ చర్చిలో చెప్పుల్లేని కాళ్లతో, ఒంటిచొక్కాతో నడిచి, జనమంతా చూస్తుండగా తప్పు ఒప్పుకున్నాడు. కథార్లనే భిన్నమత వర్గాన్ని అణచాలన్న పేరుతో ఇరవై ఏళ్లపాటు దక్షిణ ఫ్రాన్సును కాల్చిన యుద్ధం అలా ముగిసింది. ఆ రోజు కుదిరిన ఒడంబడికలో ఒక పెళ్లి షరతు ఉంది. రేమోన్ తన ఒక్కగానొక్క కూతురు జాన్‌ను ఫ్రాన్సు రాజు తమ్ముడికి ఇవ్వాలి. మామ తర్వాత రాజ్యం అల్లుడిది. ఆ దంపతులకు పిల్లలు కలగకపోతే మొత్తం ఫ్రాన్సు రాజుదే. కత్తితో సగం గెలిచినదాన్ని మిగతా సగం పెళ్లిపీటల మీద గెలవడం అంటే ఇదే.

ఆ అల్లుడి పేరు అల్ఫోన్స్. ఆయన అన్న తొమ్మిదో లూయీ చనిపోయాక సెయింట్ అయ్యాడు, చర్చిల్లో విగ్రహమై నిలిచాడు. తమ్ముడికి ఆ వైభవం దక్కలేదు. 1249లో మామ పోయేనాటికి అల్ఫోన్స్ అన్నతోపాటు ఈజిప్టు దండయాత్రలో ఉన్నాడు. అక్కడ ఓడి, బందీ అయి, సొమ్ము కట్టాక విడుదలై 1250లో ఇల్లు చేరాడు. తులూజ్ ప్రభువన్న మాటే గాని తులూజ్‌లో ఉన్నది చాలా తక్కువ. పారిస్ దగ్గర కూర్చుని ఉత్తరాల మీద రాజ్యం నడిపాడు. ఏ ఊళ్లో ఎంత వసూలైంది, ఏ అధికారి ఎంత తిన్నాడు, ఎవరి ఫిర్యాదు ఏమైంది అని ఆరా తీస్తూ రాయించిన ఆ ఉత్తరాలు ఇప్పటికీ మిగిలి ఉన్నాయి. కాగితాల మనిషి, లెక్కల మనిషి. మన ఈనాటి కథకు నాయకుడు ఆయనే. ఎందుకంటే ఇన్నేళ్ల యుద్ధం తర్వాత ఆయన ఆ నేల మీద కోటల కంటే ఎక్కువగా సంతలు కట్టించాడు.

ఇప్పుడు దోర్దోన్ నదికి దక్షిణాన పల్లెదారుల్లో వెళ్లేవాళ్లకు ఒకే అచ్చులో పోసినట్టుండే ఊళ్లు వరసగా తగులుతాయి. మోంపాజియే, బోమోన్, విల్‌రెయాల్, మోన్‌ఫ్లాంకాన్, ఎమే. వీధులన్నీ తిన్నగా ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటాయి. నడిమధ్య చతురస్రంగా ఖాళీ స్థలం. దాని చుట్టూ కమానుల వసారాలు, చాలాచోట్ల ఒక పక్కన దూలాల మీద నిలిచిన పెద్ద కప్పు. మోంపాజియేలో గురువారం పొద్దున ఆ చతురస్రం నిండిపోతుంది. మేకపాల జున్ను, వాల్‌నట్ నూనె, తేనె, బాతుమాంసం డబ్బాలు, స్ట్రాబెర్రీ బుట్టలు పెట్టుకుని రైతులు వస్తారు. బయటి దేశాల నుంచి వచ్చినవాళ్లు ఫోటోలు తీసుకుని, ఎంత ప్రశాంతంగా ఉందో అనుకుంటారు. ఊళ్లో ఉండే జనం ఐదు వందలకు అటూ ఇటూ. ఆ ప్రశాంతత మాత్రం ఈ మధ్య వచ్చినదే. ఈ ఊళ్లను పుట్టించింది పోటీ, పన్నుల ఆశ, ఇద్దరు రాజుల మధ్య తెగని సరిహద్దు.

వీటిని బస్తీద్‌లు అంటారు. 1222 నుంచి సుమారు 150 ఏళ్లలో నైరుతి ఫ్రాన్సు అంతటా మూడు వందలకు పైగా వెలిశాయి. మొదటివాటిలో ఒకటైన కోర్ద్‌ను 1222లో, యుద్ధం నడుస్తుండగానే, ఏడో రేమోన్ స్వయంగా కట్టించాడు. మామ వేసిన బాటను అల్లుడు రాచబాట చేశాడు.

అంతకుముందు రైతు బతుకు ఎలా ఉండేదో కొంచెం చూస్తే ఈ ఆలోచనలోని తెలివి అర్థమవుతుంది. అడవి నరికి చేసుకున్న చెలకల మధ్య నాలుగైదు గుడిసెలు, లేకపోతే దొర కోట గోడకు ఆనుకున్న గుడిసెల గుంపు. కాస్త ధాన్యం మిగిలితే అమ్ముకోవడానికి కోట గుమ్మం దాకానో, మఠం వాకిలి దాకానో మోసుకుపోవాలి. అక్కడ దొరదే కొలత, దొరదే ధర, దొరదే సుంకం. కూతురికి పెళ్లి చేయాలన్నా ఆయన సెలవు కావాలి. ఈ బేరంలో రాజుకు దక్కేది దాదాపు శూన్యం. అడవిలో చెల్లాచెదురుగా ఉన్న గుడిసెల్లో ఎవడు ఏం పండించాడో పారిస్‌లో కూర్చున్న అల్ఫోన్స్‌కు ఎలా తెలుస్తుంది? అదే వెయ్యిమందిని ఒకచోట చేర్చి, వాళ్ల మధ్య సంత పెట్టించి, సంతలో తన కొలత, తన సుంకం పెడితే? యుద్ధం కాల్చిన పొలాలు మళ్లీ సాగులోకి వస్తాయి, పాత కథార్ ఊళ్లు కళ్ల ముందుంటాయి, మధ్యలో ఉన్న దొర పక్కకు తప్పుకుంటాడు. పైగా అది జనాభా పెరుగుతున్న కాలం. రెండో కొడుక్కి, మూడో కొడుక్కి పంచడానికి నేల చాలక ఇంట్లో గొడవపడే కుటుంబాలు ఎన్నో.

చిక్కల్లా స్థలంతోనే. రాజు తమ్ముడైనా నేల ఆయనది కాదు. అది ఏ చిన్న దొరదో, ఏ మఠానిదో. దానికి ఒక పద్ధతి పెట్టారు: భాగస్వామ్యం. నేల మీది, పేరూ అధికారమూ మావి, వచ్చిన ఆదాయం చెరిసగం. మఠాలు దీనికి వెంటనే ఒప్పుకున్నాయి. యుద్ధం తర్వాత వాటి దూరపు పొలాలు పనివాళ్లు లేక బీడు పడుతున్నాయి. చిన్న దొరలకూ రాజుగారి నీడ దొరికినట్టే. ఇవాళ్టి రియల్ ఎస్టేట్ డెవలప్‌మెంట్ ఒప్పందాలు తెలిసినవాళ్లకు ఇందులో కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు.

ఒప్పందం కుదిరాక, సంత పెట్టబోయే చోట మధ్యలో ఒక పొడవాటి కర్ర పాతేవారు. దాని కొసన స్థాపకుడి చిహ్నం. ఊరు అప్పటికింకా లేదు. ఇళ్లు లేవు, గోడ లేదు, చర్చి లేదు. కర్ర ఒక్కటే ఉంది. ఆ కర్ర చుట్టూ సంత, సంత చుట్టూ ఊరు. తర్వాత తాళ్లు పట్టి వీధులు కొలిచేవారు. చాటింపు వేసేవాళ్లు చుట్టుపక్కల పల్లెలకు బయల్దేరేవారు.

వాళ్లు చాటిన మాటల్లోని సారం కట్టుబాట్ల పత్రాల్లో ఉంది. అల్ఫోన్స్ ఇచ్చిన పత్రాలు ఊరు మారినా చాలావరకు ఒకే మూసలో ఉంటాయి. ఇక్కడికొచ్చి స్థిరపడ్డవాడికి ఇంటికో స్థలం, కూరగాయలకో దొడ్డి, ఊరి బయట ఇంత పొలం. గడువులోపల ఇల్లు కట్టుకోవాలి. కట్టుకుంటే ఆస్తి నీది, అమ్ముకో, వీలునామా రాసుకో. కూతురికి నచ్చిన సంబంధం చేసుకో. కొడుకును చర్చి ఉద్యోగంలోకి పంపుకో. ఏడాదికోసారి ఊరిపెద్దలను ఎన్నుకుంటారు, వాళ్లను కాన్సుల్ అంటారు. వీధులు, బావులు, వంతెనల పని వాళ్లే చూస్తారు. రాజుగారి అధికారి కూడా పదవిలోకి వచ్చేటప్పుడు ఈ కట్టుబాట్లు పాటిస్తానని ఊరివాళ్ల ముందు ప్రమాణం చెయ్యాలి. నిన్నటిదాకా దొర పేరు వింటే వణికిన మనిషికి ఈ చివరి వాక్యం ఎంత వింతగా వినిపించి ఉంటుందో ఊహించండి.

అదే పత్రంలో జరిమానాల జాబితా కూడా ఉంది, అది చదవడానికి భలే ఉంటుంది. దొంగ తూకం, దొంగ కొలత పట్టుబడితే 60 సూలు. ఒక సూకు 12 దెనియేలు కాబట్టి అది పేదవాడు తేలిగ్గా కట్టగల సొమ్ము కాదు. ఎవడి పశువైనా ఇంకొకడి దొడ్లో పడితే ఇంత, పట్టపగలు ద్రాక్షతోటలో దొంగతనం చేస్తే ఇంత. పరాయి భార్యతోనో, పరాయి భర్తతోనో దొరికిపోయిన జంటకు మాత్రం రెండు దారులిచ్చారు. 100 సూలు కట్టాలి, లేదా బట్టల్లేకుండా ఊరంతా పరుగెత్తాలి. డబ్బున్నవాడి పరువును పత్రంలోనే కాపాడారన్నమాట. రొట్టెలు చేసేవాడు, మాంసం కోసేవాడు ఎంత లాభం తీసుకోవాలో కూడా రాసిపెట్టారు. స్వేచ్ఛ, సుంకం, జరిమానా మూడూ ఒకే తోలు మీద ఒకే చేతిరాతతో ఉంటాయి. ఈ స్వేచ్ఛలను రాజుల ఉదారతగా మెచ్చుకునే పుస్తకాలు కొన్ని ఉన్నాయి. నాకైతే అది ఎర అనిపిస్తుంది. కాకపోతే ఆ ఎర నిజమైనది. తిన్న రైతుకు కడుపు నిండింది.

ఊళ్లకు పేర్లు పెట్టడంలోనూ ఆ ప్రచార బుద్ధే కనిపిస్తుంది. పన్నుల బాధ తక్కువని చెప్పడానికి విల్‌ఫ్రాన్ష్ అని, ఇక్కడ భయం లేదని చెప్పడానికి సోవ్‌తేర్ అని పెట్టారు. అవి ఎన్నో చోట్ల ఉన్నాయి. కొన్నిటికి గొప్ప నగరాల పేర్లు తగిలించారు. ఫ్లోరెన్స్ పేరుతో ఫ్లోరాన్స్, కొలోన్, పవీ. కొందరు అధికారులు తమ పేరే పెట్టేసుకున్నారు. బోర్డో దగ్గరి లిబూర్న్, ఇంగ్లండు రాజు కొలువులోని రోజర్ లేబర్న్ పేరే. ఇవాళ ఆ ఊరి మీదుగా రైల్లో వెళ్లే ప్రయాణికుల్లో ఆయనెవరో తెలిసినవాళ్లు ఎందరుంటారు?

పాత దొరలు, బిషప్పులు ఊరుకున్నారా? ఊరుకోలేదు. రాత్రికి రాత్రి గుడిసె ఖాళీ చేసి పోయిన కూలీని వెనక్కి పిలిపించడం కష్టం. కొత్త ఊళ్లో ఏడాది మీద ఒక రోజు గడిపితే మనిషి స్వతంత్రుడైపోతాడన్నది అప్పటి యూరప్‌లో చాలాచోట్ల చెల్లిన ఆచారం. 1252లో అల్ఫోన్స్ రుయెర్గ్ ప్రాంతంలో విల్‌ఫ్రాన్ష్‌ను స్థాపించినప్పుడు రోదెజ్ బిషప్పుకు ఒళ్లు మండింది. అక్కడ ఇల్లు కట్టుకున్నవాణ్ణి మతం నుంచి వెలేస్తానని బెదిరించాడు. జనం స్వర్గం సంగతి తర్వాత చూసుకుందామనుకున్నట్టున్నారు, ఇళ్లు కట్టుకున్నారు. ఆ ఊరి గురువారపు సంత నేటికీ ఆ ప్రాంతంలో పేరున్న సంత.

ఇప్పటిదాకా కథ ఒకే రాజు వైపు నుంచి చెప్పుకున్నాం. రెండోవాడు ఇంగ్లండు రాజు. ఆయన బోర్డో చుట్టూ ఉన్న గాస్కనీకి ప్రభువు కూడా. 1259లో ఇంగ్లండు రాజు మూడో హెన్రీ, ఫ్రాన్సు రాజు లూయీ పారిస్‌లో ఒడంబడిక చేసుకున్నారు. హెన్రీ గాస్కనీని ఉంచుకోవచ్చు, కానీ ఫ్రాన్సు రాజుకు సామంతుడిగా మోకరిల్లాలి. ఒక రాజు ఇంకో రాజు ముందు వంగాలన్న ఆ షరతు ఎన్ని తరాలు రక్తం పారించిందో ముందు ముందు చూస్తాం. అంతకంటే చిక్కు సరిహద్దుది. దోర్దోన్ పారే పెరిగోర్ ప్రాంతంలో ఈ లోయ ఒకరిది, ఆ కొండ ఇంకొకరిది, మధ్యలో అడవి ఎవరిదో ఎవరికీ తెలియదు.

ఇంతలో 1271 వచ్చింది. ట్యూనిస్ దండయాత్ర నుంచి తిరిగొస్తూ ఇటలీ తీరంలో అల్ఫోన్స్ చనిపోయాడు. నాలుగు రోజులకు భార్య జాన్ కూడా పోయింది. వాళ్లకు పిల్లలు లేరు. 1229 నాటి పెళ్లి షరతు గడియారంలా పనిచేసింది, తులూజ్ రాజ్యమంతా ఫ్రాన్సు రాజు ఒళ్లో పడింది. అయితే 1259 ఒడంబడిక ప్రకారం అందులో అజనే ప్రాంతం ఇంగ్లండుకు పోవాలి. వాదులాట అయి 1279లో పోయింది. అలా అల్ఫోన్స్ కట్టించిన మోన్‌ఫ్లాంకాన్, విల్‌రెయాల్ సంతల్లో సుంకం ఒక్కసారిగా ఇంగ్లండు రాజుకు చేరడం మొదలైంది. రైతుకు తేడా తెలిసిందా? అతను మాట్లాడేది ఆక్సితన్ భాష. పత్రాలు లాటిన్‌లో. లండన్ నుంచి వచ్చిన అధికారులూ, పారిస్ నుంచి వచ్చినవాళ్లూ ఇద్దరూ మాట్లాడింది ఫ్రెంచి. అతనికి ఇద్దరూ పరాయివాళ్లే.

అప్పటి ఇంగ్లండు రాజు ఒకటో ఎడ్వర్డ్. వేల్స్‌ను కోటలతో, కొత్త పట్టణాలతో బిగించినవాడు. గాస్కనీలోనూ అదే పని చేశాడు. ఆయన పేరున 1272లో బోమోన్ వెలిసింది. దానికి జవాబన్నట్టు ఫ్రాన్సు రాజు మూడో ఫిలిప్ 1281లో దోర్దోన్ నది పైనున్న నిట్రమైన కొండ మీద దోమ్ పట్టణం మొదలుపెట్టించాడు. అక్కడి నుంచి నది మీద పోయే ప్రతి పడవా కనిపిస్తుంది. ఇవాళ పర్యాటకులు ఐస్‌క్రీం పట్టుకుని నిలబడే ఆ అంచు నిజానికి కాపలా గట్టు. 1284లో ఎడ్వర్డ్ వైపు నుంచి మళ్లీ ఎత్తు: మోంపాజియే. ఒప్పందం నడిపినవాడు ఎడ్వర్డ్ అధికారి జాన్ ద గ్రాయీ. నేల ఇచ్చినవాడు పక్కనే బిరోన్ కోటకు ప్రభువైన పియేర్ ద గోంతో. ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఆ కోట ఇప్పటికీ కొండ మీద నిలబడి ఉంది. చూసి తీరాల్సిన కోట.

మోంపాజియేలో కాసేపు ఆగుదాం. బస్తీద్‌ల లెక్కలన్నీ గీసినట్టు కనిపించే ఊరు ఇదే. సుమారు 400 మీటర్ల పొడవు, 220 మీటర్ల వెడల్పు ఉన్న దీర్ఘచతురస్రం. పెద్ద వీధులు బండ్లకు. వాటి వెనక సన్నని దారులు దొడ్లకు, మనుషులకు. ఇళ్ల స్థలాలన్నీ ఒకే కొలత, ముఖం వైపు సుమారు 8 మీటర్లు. చెప్పులు కుట్టేవాడికీ అంతే, గుడ్డల వ్యాపారికీ అంతే. ఆ కాలంలో ఇది చిన్న విషయం కాదు. ఇంటికీ ఇంటికీ మధ్య ఒక మనిషి పక్కకు తిరిగి కూడా దూరలేనంత సన్నటి సందు వదిలారు. ఒక ఇల్లు అంటుకుంటే మంట పక్కింటికి పాకకుండా, ఉమ్మడి గోడ తగాదాలు రాకుండా. తర్వాత్తర్వాత వంటింటి కడుగునీళ్లూ, ఇంకా చెప్పరాని నీళ్లూ అందులోకే పోశారు. ఇవాళ ఆ సందుల్లోకి కుతూహలంగా తొంగిచూసేవాళ్లు 13వ శతాబ్దపు వాసన లేకుండా చూస్తున్నారు, అదృష్టవంతులు.

సంత చతురస్రం చుట్టూ ఉన్న ఇళ్లకు కింద కమానుల వసారా, పైన గది. వసారా నడిచేవాళ్లది, గది ఇంటివాడిది. వానొచ్చినా, ఎండ మండినా బేరం ఆగదు. మూలల్లో కమానులు ఒకదానికొకటి ఆనుకుని, బండి పట్టేంత సందు మాత్రమే వదులుతాయి. చర్చి ఎక్కడుందని వెతికితే చతురస్రంలో కనిపించదు. ఒక మూల దాటి, కాస్త పక్కకు జరిగి ఉంటుంది. మధ్యయుగపు యూరప్‌లో ఊరి నడిబొడ్డు దేవుడిదన్నది రాయకుండానే ఉన్న నియమం. ఈ ఊళ్లు దాన్ని మార్చేశాయి. నడిబొడ్డు సంతకు పోయింది. దోర్దోన్‌కు ఉత్తరాన ఉన్న సార్లా పట్టణం బస్తీద్ కాదు, బిషప్పు ఊరు. అక్కడ ఈ మధ్య కాలంలో ఒక పాత చర్చినే కూరగాయల మార్కెట్టుగా మార్చి, ఎత్తైన లోహపు తలుపులు పెట్టారు. ఏడు వందల ఏళ్లు ఆలస్యంగానైనా సార్లా కూడా దారికొచ్చింది.

ఇక సంతరోజు. తెల్లారకముందే దారులన్నీ కదిలేవి. గాడిదల మీద గోధుమ, రై బస్తాలు. చిన్న దారాలతో కాళ్లు కట్టిన బాతులు, కోళ్లు. గోతాల్లో వాల్‌నట్లు. వాటి నూనె వంటకూ కావాలి, దీపానికీ కావాలి. చెస్ట్‌నట్ కాయలు, వాటిని ఎండబెట్టి విసిరిన పిండి. గోధుమ కొనలేనివాడికి చలికాలమంతా అదే తిండి. సముద్రం వైపు నుంచి నది మీద పైకొచ్చిన ఉప్పు. ఉప్పు లేకపోతే పందిమాంసం నిలవ ఉండదు, మాంసం నిలవ లేకపోతే చలికాలం గడవదు. కుండలు, కొడవళ్లు, తోళ్లు, ముతక ఉన్ని గుడ్డ. బయటి ఊరి వ్యాపారి పశువుకింత, బస్తాకింత చొప్పున సుంకం కట్టి లోపలికొచ్చేవాడు. ఊరివాడికి చాలావాటిలో మినహాయింపు. సొంత ఇల్లు కట్టుకోవాలన్న ఆశ పుట్టడానికి అదీ ఒక కారణం.

ఇవాళ్టి సంతలో కనిపించి అప్పుడు లేనివేమిటో కూడా చెప్పుకోవాలి. టమాటా లేదు, బంగాళాదుంప లేదు, గుమ్మడికాయ లేదు, మొక్కజొన్న లేదు. అవన్నీ అమెరికా నుంచి రెండు వందల ఏళ్లకు పైగా గడిచాక గానీ రాలేదు. అంటే పెరిగోర్ పేరు చెప్పగానే అందరూ తలుచుకునే, మొక్కజొన్న మేపి బలిపించిన బాతు కాలేయం కూడా ఆనాటి మెనూలో లేదు. 'వెయ్యేళ్ల సంప్రదాయం' అని సీసా మీద రాసి అమ్మేవాళ్లు ఉంటారు. కొంచెం తగ్గించి నమ్మండి.

సంతలో అసలు నాటకమంతా ధాన్యం కొలత దగ్గర. మోంపాజియేలో ఇప్పుడున్న కప్పు 16వ శతాబ్దానిది, చెస్ట్‌నట్ దూలాలతో కట్టింది. దాని కింద పాత ధాన్యపు కొలతలు ఇంకా ఉన్నాయి. ధాన్యం పోస్తారు, అంచు దాకా నిండాక కర్రతో తలకొట్టి చదును చేస్తారు, అప్పుడు గోతంలోకి వదులుతారు. చూడ్డానికి ఇంతే. కానీ తల కొట్టాలా, కుప్పగా వదలాలా అన్న ఒక్క ప్రశ్న మీద ఎన్ని తగాదాలో! దొర శిస్తు తీసుకునేటప్పుడు కొలత కుప్పపోయాలనేవాడు. అదే రైతుకు విత్తనం అప్పిచ్చేటప్పుడు చదునుగా తలకొట్టించేవాడు. ఆ పైనున్న చిన్న కుప్పలన్నీ కలిస్తే ఒక ఇంటికి ఎన్నో రోజుల గింజలు. పైగా ఊరికో కొలత. ఈ ఊరి కొలత పక్క ఊళ్లో చెల్లదు. అందుకే సంత మధ్యలో, అందరి కళ్ల ముందు, కదలని కొలత నిలబెట్టడం పెద్ద మార్పు. రాజుకు సుంకం లెక్క తప్పదు, రైతుకు కుప్ప మోసం తగ్గింది. ఒకరి లాభంలో ఇంకొకరికి కొంచెం లాభం. అల్ఫోన్స్ లాంటి లెక్కల మనిషికి ఇదే నచ్చి ఉంటుంది.

పొద్దెక్కేసరికి కాన్సుల్ ఒకరు వసారాలో కూర్చునేవాడు. తూకం తగాదా, పుచ్చు ధాన్యం, చెప్పిన ధర ఒకటి తీసుకున్నది ఒకటి. గొంతులు లేచేవి. కొన్న ఎద్దు కుంటిదైతే ఎవరిదా తప్పు? ఆడవాళ్లు గుడ్లు, జున్ను, కోడిపిల్లలు పెట్టుకుని ఒక వరసలో కూర్చునేవారు. వార్తలు కూడా ఆ వరసలోనే ఎక్కువగా చేతులు మారేవి. ఏ ఊళ్లో ఏ సంబంధం కుదిరింది, ఏ దారిలో దొంగలున్నారు, ఏ దొర కొడుకు మళ్లీ గుర్రమెక్కాడు. పల్లెకు దొరికిన లోకజ్ఞానమంతా వారానికోసారి ఇక్కడే.

ప్రతి ఊరికీ సంత ఉంటే, ఇరవై కిలోమీటర్లలో ఇంకో సంత ఉంటే ఏమవుతుంది? పోటీ. మోంపాజియే ఇంగ్లండు రాజు నాటినది. దానికి తూర్పున, పెరిగోర్‌లోనే ఉన్న ఇంకో విల్‌ఫ్రాన్ష్‌ను 1261లో అల్ఫోన్స్ నాటాడు. ఈ రెండు ఊళ్ల ఈర్ష్య గురించి ఒక కథ ఉంది. ఫ్రాన్సు రాజు నాలుగో హెన్రీ మంత్రి సుల్లీ తన జ్ఞాపకాల్లో చెప్పినదది. కాలం మూడు వందల ఏళ్ల తర్వాతిది, కాథలిక్కులు, ప్రొటెస్టెంట్లు కొట్టుకుంటున్న రోజులు. ఒక రాత్రి విల్‌ఫ్రాన్ష్ మగవాళ్లంతా ఆయుధాలు పట్టుకుని మోంపాజియే దోచుకుందామని బయల్దేరారు. వింతేమిటంటే, అదే రాత్రి మోంపాజియే మగవాళ్లు విల్‌ఫ్రాన్ష్ మీదికి బయల్దేరారు. వేర్వేరు దారుల్లో వెళ్లడం వల్ల ఎదురుపడలేదు. వెళ్లిన చోట కాపలా లేదు. ఇద్దరూ తృప్తిగా దోచుకుని, బళ్లు నింపుకుని, పాటలు పాడుకుంటూ ఇంటికొచ్చారు. వచ్చి చూస్తే తమ ఇళ్లు ఖాళీ! చివరికి ఊరిపెద్దలు కూర్చుని, ఎవరి సామాను వాళ్లకు తిరిగిచ్చేట్టు ఒప్పందం చేసుకున్నారు. ఇందులో ఎంత నిజమో గాని, పోటీ ఆ స్థాయిలో ఉందని చుట్టుపక్కలవాళ్లంతా నమ్మారన్నది మాత్రం నిజం. ఇప్పుడు విల్‌ఫ్రాన్ష్ సంత శనివారం, మోంపాజియే సంత గురువారం. రెండూ చూడొచ్చు. శరదృతువులో వెళ్తే విల్‌ఫ్రాన్ష్ కప్పు కింద అడవి పుట్టగొడుగుల బేరం కూడా కనిపిస్తుంది.

కర్ర పాతిన ప్రతిచోటా ఊరు మొలవలేదు, అది కూడా చెప్పాలి. మోంపాజియే పుట్టిన ఏడాదే, దానికి ఉత్తరాన మోలియేర్‌లో కూడా ఎడ్వర్డ్ పేరున పని మొదలైంది. వీధులు గీశారు, చర్చి లేచింది, జనం మాత్రం అనుకున్నంతగా రాలేదు. ఇవాళ దాన్ని పూర్తికాని బస్తీద్ అంటారు. సంత పుట్టాలంటే దారి కలవాలి, నీళ్లుండాలి, పొరుగు సంత మరీ దగ్గరుండకూడదు. రాజాజ్ఞ వీటిలో దేన్నీ పుట్టించలేదు. ఇంకెన్నో చోట్ల పత్రం మిగిలింది, ఊరు మిగల్లేదు. మనం ఈనాడు చూసేవి గెలిచినవి మాత్రమే. వాటి తిన్నని వీధులు చూసి 13వ శతాబ్దంలో ప్రణాళికలు ఎంత చక్కగా సాగాయో అనుకోవడం పొరపాటు.

ఇంకో విషయం. ఈ ఊళ్లలో చాలావాటికి మొదట్లో ప్రాకారం లేదు. సంతకు గోడ అడ్డం కదా! మోన్‌ఫ్లాంకాన్, బోమోన్ లాంటి ఊళ్ల చుట్టూ గోడలూ బురుజులూ లేవడానికి కారణం సంత కాదు. 1294లో ఫ్రాన్సు రాజు నాలుగో ఫిలిప్, ఎడ్వర్డ్ తన పిలుపుకు రాలేదన్న సాకుతో గాస్కనీని జప్తు చేసుకున్నాడు. 1259లో పెట్టిన మోకరిల్లే షరతు మొదటిసారి పదునుగా పనిచేసింది. వీధులు కొలిచిన తాళ్లతోనే ఇప్పుడు గోడల పునాదులు కొలవాల్సి వచ్చింది.

వచ్చే భాగం దోమ్ కోట ద్వారం దగ్గర మొదలవుతుంది. 1307లో ఫిలిప్ ఫ్రాన్సు అంతటా టెంప్లర్ యోధులను పట్టించినప్పుడు కొందరిని ఆ ద్వారపు బురుజుల్లో బంధించారు. వాళ్లు గోడల మీద గీసిన బొమ్మలు ఇంకా ఉన్నాయి. అక్కడి నుంచి 1337లో మొదలైన నూరేళ్ల యుద్ధానికి, 1348లో వచ్చిన ప్లేగుకు వెళ్తాం. కమానుల కింద బేరాలాడినవాళ్లలో ఎందరు మిగిలారో, ఒకే ఊరు ఎన్నిసార్లు చేతులు మారిందో చూద్దాం. అప్పటిలోగా పటం తీసి, లిబూర్న్ నుంచి బెర్జెరాక్ మీదుగా దోమ్ దాకా దోర్దోన్ నది దారి ఒకసారి చూసి పెట్టుకోండి. రాబోయే కథ చాలావరకు ఆ నదికి అటూ ఇటూ జరుగుతుంది.